ఎర్రచుక్కల మేడం

మేడం చనిపోయిన కబురు మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ధర్మవరంలో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో అప్పుడు శాంపిళ్లు తీస్తున్నాను. కబురు కింద వరసగా దండాలు, పూలు, దీపాలు. వాటి మధ్య ఎవరో రాశారు: "పాపం, పెళ్లీ పిల్లలూ లేకుండా జీవితమంతా త్యాగం చేసిన మహాతల్లి."

చదవగానే నాకు ఒళ్లు మండింది. చేతి తొడుగులు తీసేసి, "ఆమె ఏదీ త్యాగం చెయ్యలేదు. తనకు ఏది ఇష్టమో పట్టుబట్టి అదే చేసుకుంది. దయచేసి ఆ మాట తీసెయ్యండి" అని రాశాను. జవాబు రాలేదు. కాసేపటికి ఆ మాట మాత్రం అక్కడ లేదు.

కాలేజీలో ఆమెను అందరూ ఎర్రచుక్కల మేడం అనేవాళ్లు. హిందూపురంలో మాకు జన్యుశాస్త్రం చెప్పేవారు. రోజూ పెనుకొండ నుంచి బస్సులో వచ్చేవారు. రాగానే స్టాఫ్ రూముకు పోయేవారు కాదు, నేరుగా ల్యాబుకే. కొంగు నడుముకు దోపుకుని, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టె తలుపు తీసి, లోపలికి తల పెట్టి గట్టిగా వాసన పీల్చి, "మావోళ్లు లేసినారు" అని ప్రకటించేవారు. మావోళ్లంటే ఈస్ట్. బన్నుల పిండిని పొంగించే ఆ సూక్ష్మజీవిని ఆమె గుండ్రటి గాజు ప్లేట్లలో పెంచేవారు. రాత్రి ఖాళీగా ఉన్న ప్లేటులో తెల్లారేసరికి సగ్గుబియ్యం గింజల్లా తెల్లటి చుక్కలు లేచేవి. ఒక్కో చుక్కా లక్షల జీవుల గుంపు. ఆ తెల్లటి చుక్కల మధ్య ఎక్కడో ఒకటి ఎర్రగా ఉండేది. ఆమె మోజంతా ఆ ఎర్ర చుక్క మీదే.

మొదటిసారి దాన్ని మాకు చూపించి, "ఇదేంది?" అని అడిగారు.

"చెడిపోయిన ఈస్ట్ మేడం" అన్నాను నేను.

"చెడిపోయిందని నీకు వచ్చి చెప్పిందా?"

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నన్ను ముందుకు పిలిచి ప్లేటు చేతికిచ్చారు. "ఈస్ట్ బతకల్లంటే అడినిన్ అనే పదార్థం కావాల. తెల్లవి దాన్ని అవే వండుకుంటాయి. దీని జన్యువులో ఒక్కచోట మార్పు వచ్చింది. వంట సగంలో ఆగిపాయ. ఆగిన సరుకు లోపల్లోపలే పేరుకొని ఎర్రగ అయిపాయ. బయటినుంచి అడినిన్ పెట్టు, అన్నిటి మాదిరే పెరుగుతాది. పెట్టకుంటే సస్తాది. అంతే కథ."

"అయితే లోపం ఉన్నట్టే కదా మేడం?"

"నీకు సి విటమిన్ తయారు చేసుకునేది వస్తాదా?"

"రాదు మేడం."

"గొర్రెకు వస్తాది. గొర్రెకు నిమ్మకాయ అక్కర్లేదు, జామకాయ అక్కర్లేదు, ఒంట్లోనే చేసుకుంటాది. నువ్వు తినకపోతే నీ చిగుళ్లు రక్తం కారతాయి. రేపు ఒక గొర్రె వచ్చి, ఈ పిల్లలో లోపం ఉండాదని చెప్తే ఒప్పుకుంటావా?"

ఆ రోజు నుంచి మా క్లాసులో లోపం అనే మాట ఎవరూ వాడలేదు. వాడితే పరీక్ష పేపరులో దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పైన 'అవసరం' అని రాసేవారు. ఆ ఈస్ట్‌లో అడినిన్ లోపం లేదు, అడినిన్ అవసరం ఉంది.

గొర్రెల మాట ఆమె నోట తరచుగా వచ్చేది. అమరాపురం దగ్గర పల్లెలో వాళ్ల నాయన గొర్రెలు మేపేవాడు. ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడం. కోపం వస్తే ఆమెకు కన్నడమే వచ్చేది. వైవిధ్యం పాఠం ఆమె పుస్తకం నుంచి మొదలుపెట్టలేదు. "మా నాయనకు మందలో ఒక్కోదాని మొగం తెలుసు. నాకు అన్నీ ఒకటే మాదిరి కనపడతాండె. ఒకటే మాదిరి ఉండాయని ఎవురన్నా అంటే, వాళ్లు సరిగ్గ చూడలేదని అర్థం" అనేవారు. తర్వాతే బోర్డు మీద బొమ్మ గీసేవారు.

కాలేజీ ల్యాబులో సామాను అంతంత మాత్రం. గాజు ప్లేట్లను ప్రెషర్ కుక్కరులో ఆవిరి పట్టేవాళ్లం. ఒక ప్లేటులోని చుక్కలను అదే వరసలో ఇంకో ప్లేటులోకి ముద్ర వెయ్యడానికి వెల్వెట్ గుడ్డ కావాలి. ప్లేటును ఆ గుడ్డ మీద అద్ది, గుడ్డ మీద కొత్త ప్లేటును అద్దితే చుక్కలన్నీ ఎక్కడివక్కడ దిగుతాయి. అడినిన్ ఉన్న ప్లేటులో లేచి, లేని ప్లేటులో లేవనిది ఏదో అప్పుడు కనబడుతుంది. ఆ గుడ్డ కోసం ఆమె ధర్మవరం పట్టుచీరల అంగళ్లకు మమ్మల్ని వెంటబెట్టుకుని పోయేవారు. రవికెల వెల్వెట్ తానులను చెంపకు రుద్దుకుని చూసేవారు. "ఏ చీరకమ్మా?" అని అంగడతను అడిగితే, "చీరకు కాదప్పా, మావోళ్లకు పడక" అనేవారు.

నేను రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ఆ ల్యాబును తీసేసి పోటీ పరీక్షల కోచింగుకు గది చెయ్యాలని ప్రిన్సిపాల్ నిర్ణయించారు. ఈ ప్రయోగాలు సిలబస్‌లో లేవని ఆయన వాదన. "ఈస్ట్‌కు మీ సర్క్యులర్ చదివేది రాదు సార్, వేళకు తిండి పెట్టకుంటే సస్తాది" అని చెప్పి మేడం వచ్చేశారు. మరుసటి రోజు బల్లలు ఎత్తుకుపోవడానికి మనుషులు వచ్చారు. ఆమె మా అందరి చేతా బల్లల మీద స్పిరిటు దీపాలు వెలిగింపజేశారు. "మంట ఉండే బల్లను కదిలించకూడదు. రూలు" అన్నారు. వచ్చినవాళ్లు వాకిట్లో కూర్చున్నారు. దీపంలో స్పిరిటు అయిపోయేకొద్దీ మేము పోస్తూనే ఉన్నాం. సాయంత్రానికి వాళ్లు ఖాళీ చేతులతో పోయారు. మళ్లీ ఎవరూ రాలేదు.

ఆ ఏడాదే నాకు పెళ్లి కుదిరింది. మా అమ్మకు సొంత అన్న కొడుకు, నాకు బావ. వాళ్లది కనగానపల్లి వైపు పల్లె, చెనక్కాయల సేద్యం. కార్డు తీసుకుని మేడం దగ్గరికి పోయాను. చదివి, "మీ అమ్మా, ఈ పిల్లోని నాయనా ఒకే తల్లి బిడ్డలా?" అని అడిగారు. అవునన్నాను. ఆమె చాలాసేపు కార్డును తిప్పుతూ ఉన్నారు. "మేనరికం గురించి చెప్పేది క్లాసులోనే చెప్పినా. పరీక్షలు రాసి పో" అన్నారు. నేను పరీక్షలు రాయలేదు. ఆమె పెళ్లికి రాలేదు.

నాకు మొదట మగబిడ్డ పుట్టాడు. కొన్ని నెలలకే ఫిట్స్ మొదలయ్యాయి. అనంతపురం తీసుకుపోతుండగా దారిలోనే, నా ఒళ్లోనే పోయాడు. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో నా కాలు మంచిది కాదన్నారు. తర్వాత ఆడపిల్ల. దానికీ నోటి చుట్టూ ఎర్రగా పొక్కింది, జుట్టు రాలిపోయింది, ఒకరోజు అన్నకు వచ్చినట్టే కాళ్లు చేతులు కొట్టుకున్నాయి. ఈసారి నేను ఎవరినీ అడగలేదు. బావను లేపి బండి మాట్లాడించి బెంగళూరు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు రక్తం పరీక్ష చేయించి చెప్పాడు: బయోటిన్ అనే విటమిన్ అందరి ఒంట్లో వాడుకున్నాక మళ్లీ వాడకానికి వస్తుంది, ఈ బిడ్డ ఒంట్లో రాదు, రోజూ మాత్ర రూపంలో ఇవ్వాలి, జీవితాంతం ఇవ్వాలి, ఇస్తే అందరిలాగే బతుకుతుంది.

నాకు ఆ గదిలో ఒక్కసారిగా ఈస్ట్ వాసన వచ్చినట్టయింది. అర్థం కావడానికి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మాత్ర పడిన కొద్ది రోజులకే ఫిట్స్ ఆగిపోయాయి. జుట్టు మొలిచింది. ఊరికి వచ్చాక అత్త, "నువ్వు చేను పని చూసుకో, పాలల్లో నేనే కలిపిస్తాలే" అంది. నమ్మాను. కొన్నాళ్లకు బిడ్డకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. "మందు ఇస్తానే ఉండా, అయినా వచ్చింది. ఇది మందుతో పోయేది కాదు" అంది అత్త. మామ, అంటే మా అమ్మకు అన్న, పెద్దమనుషులను పిలిపించాడు. ఇది నా తండ్రి వైపు నుంచి వచ్చిన రక్తమనీ, నన్నూ బిడ్డనూ పుట్టింటికి పంపించి కొడుక్కి వేరే పిల్లను చూస్తాననీ చెప్పాడు. బావ తల వంచుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున మళ్లీ కూర్చుని తేలుద్దామన్నారు పెద్దమనుషులు.

నేను దొడ్లోకి పోయి మేడంకు ఫోన్ చేశాను. ఆమె నా ఏడుపు వినలేదు.

"బిడ్డకు మాత్ర పడతాండాదా?"

"అత్త ఇస్తాండాదంట మేడం."

"ఇస్తాండాదంట అనేది వద్దు. నువ్వు కండ్లతో చూసినావా?"

"లేదు."

"డాక్టరు రాసిచ్చిన చీటీ ఫోటో తీసి పంపు. పొద్దున్నే వస్తాండా. నేను వచ్చేదాకా వాకిలి దాటొద్దు."

పొద్దున మొదటి బస్సుకే వచ్చారు. చేతిలో వైరు బుట్ట, దాంట్లో నూలుగుడ్డలో చుట్టిన ప్లేట్లు. దారిలో ధర్మవరంలో దిగి చీటీలో ఉన్న మాత్రలు కొనుక్కొచ్చారు. ముందు బిడ్డను ఒళ్లోకి తీసుకుని, పాల చుక్కలో మాత్ర పొడి కలిపి తన చేత్తోనే మింగించారు. తర్వాత కొంగు నడుముకు దోపుకుని వాకిట్లోకి వచ్చి, పెద్దమనుషుల మధ్య నేల మీదే కూర్చుని బుట్ట విప్పారు.

"ఏమమ్మా, మా ఇంటి పంచాయితీలో నీకేం పని?" అన్నాడు మామ.

"పంచాయితీకి రాలేదప్పా. పాఠం చెప్పేదానికి వచ్చినా. నా పాఠం అయ్యేదాకా ఎవురూ లెయ్యకూడదు."

"నీకు పెండ్లా పిల్లలా! నీకేం తెలుసు బిడ్డల సంగతి?"

"తెలీదు. అందుకే చదువుకున్యా."

ఒక పెద్దాయన కిసుక్కున నవ్వాడు. ఆమె ఒక ప్లేటు ఆయన చేతిలోనే పెట్టారు. "దీంట్లో అడినిన్ అనేది వెయ్యలే. తెల్లది పెరిగింది, రెండో పక్క ఏమీ లేదు, చూడు." ఇంకో ప్లేటు ఇచ్చారు. "దీంట్లో వేసినా. రెండో పక్క కూడా పెరిగింది, ఎర్రగ. ఏమన్నా తక్కువ పెరిగిందా?"

"లేదు. సమానంగానే ఉండాది" అన్నాడు ఆయన, వెలుతురుకు ఎత్తి చూసి.

"ఈ బిడ్డ కూడా అంతే. దానికి కావలసింది పడితే సమానంగా పెరుగుతాది. మనిషి ఈస్ట్ కాదు, నాకు తెలుసు. లెక్క మాత్రం ఒకటే."

మూడో ప్లేటును మాత్రం ఆమె మామ చేతికే ఇచ్చారు. దాంట్లో రెండు మచ్చలు పక్కపక్కనే. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు.

"ఈస్టులు కూడా జత కడతాయి. ఎర్రదానికీ తెల్లదానికీ జత కడితే పుట్టింది ఈ తెల్లది. చూస్తే తెల్లదే, లోపల ఎరుపు దాచుకోనుండాది. నీ కొడుకు ఇట్ల, నీ కోడలు ఇట్ల. ఎర్రదానికీ ఎర్రదానికీ జత కడితే ఈ ఎర్రది. రెండు వైపుల నుంచీ ఎరుపు వస్తేనే బిడ్డ ఎరుపు. ఒక్క వైపు నుంచి వస్తే ఎన్నటికీ కాదు."

"అదే చెప్తాండా గదా, ఆ పిల్ల నాయన వైపుది ఆ రక్తం" అన్నాడు మామ.

"సరే, ఒక సగం నువ్వు చెప్పినట్లే వచ్చిందనుకో. రెండో సగం నీ కొడుకుది. నీ కొడుక్కి యాడనుంచి వచ్చింది?"

మామ ప్లేటును కింద పెట్టేశాడు. అప్పుడు బావ లేచాడు. ఇంట్లోకి పోయి, అటక మీది నుంచి మాత్రల డబ్బా దించి తెచ్చి నా ముందు పెట్టాడు. అది నిండుగా ఉంది. అత్త దాచిపెట్టడం అతను చూశాడు, ఇన్నాళ్లూ నోరెత్తలేదు.

అత్త బోరున ఏడ్చింది. "బాగయిన బిడ్డకు ఇంకా మందేంది, గుండెకు పడదని నిలిపినా. నా మనవరాలిని నేనే చంపుకుంటానా?"

"నువ్వు చంపాలనుకోలేదమ్మా. జీవితాంతం అంటే ఏమో నీకు ఎవురూ విడమరిచి చెప్పలే" అన్నారు మేడం. ఆ ఇంట్లో ఆమె గొంతు తగ్గించింది అప్పుడొక్కసారే.

మామకు మాత్రం కోపం దిగలేదు. "మా రక్తాన్ని అనుమానించేదానికి నువ్వెవరు? బయటికి నడువు" అన్నాడు.

"పోతా. కాపీ ఇచ్చినారు గదా, తాగి పోతా."

ఆమె కాఫీ గ్లాసు ఎత్తి, ఊదుకుంటూ, ఒక్కో గుక్కా తీరిగ్గా తాగారు. అందరూ నిలబడి చూస్తున్నారు. అడుగున చక్కెర మిగిలితే గ్లాసు తిప్పి అది కూడా తాగారు. తర్వాత ప్లేట్లు గుడ్డలో చుట్టుకుని, "నువ్వు పదమ్మా" అన్నారు నాతో. బిడ్డను ఎత్తుకుని వెంట నడిచాను. ధర్మవరం దాకా కూడా పోకముందే బావ ఫోన్ చేశాడు. బట్టలు సర్దుకుని తానూ వస్తున్నానన్నాడు.

మేము ధర్మవరంలో కాపురం పెట్టాం. బావ మోటార్లు రిపేరు చేసే అంగడి తెరిచాడు. అతన్ని క్షమించడానికి నాకు చాలా కాలం పట్టింది. పూర్తిగా క్షమించానని ఇప్పటికీ చెప్పలేను. మేడం నా చేత ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేయించారు, తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివించారు. ఆమె ఫోన్ అంటే ఒకటే మాట, "పడిందా?" పడింది మేడం అంటే పెట్టేసేవారు. మా పాప చెవులు, మాత్ర ఆగిపోయిన ఆ రోజుల వల్లనో ఏమో, కొంచెం తక్కువ వినబడతాయి. మిషన్ పెట్టుకుంటుంది. మిగతాది అందరు పిల్లల్లాగే. ఒకసారి మేడం ముందు, "నేను కూడా ఎర్రచుక్కనే" అని గొప్పగా చెప్పుకుంది. "నువ్వు చుక్కవు కాదు, ఏమీ కాదు. మనిషివి. పోయి లెక్కలు చెయ్" అని కసిరారు మేడం.

తర్వాత కొన్నేళ్లకు మామ చిన్నకొడుక్కి పెళ్లి కుదిర్చాడు. పెళ్లికూతురు మా చిన్నమ్మ కూతురు, అంటే మామకు ఇంకో చెల్లెలి బిడ్డ. నేను ఊరికి పోయి నలుగురిలో వద్దని చెప్పాను. "ఆ పిల్లలో మీ నాయన రక్తం లేదు గదా, ఇంగ నీకేమిటికి భయం?" అన్నాడు మామ. పెళ్లి జరిగిపోయింది. మేడంకు చెబితే, "చేసుకోనీ. పుట్టిన బిడ్డకు పరీక్ష చేపించమని చెప్పు. వినేదాకా చెప్పు" అన్నారు. నేను చెబుతూనే ఉన్నాను. మామ ప్రతిసారీ ఫోన్ పెట్టేసేవాడు.

మేడం రిటైరయ్యారు. మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలసిస్‌కు అనంతపురం పోయేవారు, అక్కడ నర్సులతో కూడా పోట్లాడేవారు. "పాపం ఒంటరి మనిషి" అని ఒకామె అంటే, "నన్ను పట్టుకోని రెండు గంటలు మాట్లాడేవాళ్లు ఇంత మంది ఉండారు, నీకుండారా?" అని అడిగారట. ఆదివారాల్లో నేనూ పాపా పెనుకొండకు పోయేవాళ్లం. కొండ కింద చిన్న ఇల్లు. మంచం మీద ఉండి మా పాపతో జీవశాస్త్రం వాదించేవారు. పాప గెలిస్తే ఆమెకు తెగ సంతోషం, పైకి మాత్రం "ఊఁ, తర్వాత?" అనేవారు.

అలాంటి ఒక ఆదివారం మామ వచ్చాడు. ఈ ఎండాకాలంలోనే, ఆమె పోవడానికి కొన్ని వారాల ముందు. గడప బయట తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. చేతుల్లో పసిబిడ్డ. వెనక చిన్నకొడుకు, మా చిన్నమ్మ కూతురు. తన వాకిట్లోంచి వెళ్లగొట్టిన మనిషి ఇంట్లోకి ఎలా అడుగు పెట్టాలో తెలియక అక్కడే ఆగిపోయాడు.

"లోపలికి రా అప్పా, బిడ్డకు ఎండ తగుల్తాది" అన్నారు మేడం.

మామ వచ్చి కూర్చున్నాడు. "పురుడు తీరకముందే నేనే బెంగళూరుకు తీస్కపోయి పరీక్షకు రక్తం ఇప్పించినా" అన్నాడు. "అదే అన్నారు."

"ఫిట్స్ వచ్చినాయా?"

"రాలే. రాకముందే మాత్ర రాసిచ్చినారు."

మేడం కళ్లు మూసుకున్నారు. మామే మళ్లీ అన్నాడు. "ఈ పిల్లలో మా పెద్దకోడలి నాయన రక్తం లేదు. అంటే మాలోదే. నేను, నా ఇద్దరు చెల్లెండ్లు... మా ఇంట్లోదే." అని బిడ్డను కొడుక్కిచ్చి మేడంకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయాడు.

"నాకేమిటికి దండం? నన్నన్నది పోనీ. అనిపించుకున్న మనిషి ఆడ కూర్చోనుండాది."

మామ నా వైపు తిరిగాడు. ఆయనతో అనాలని ఎన్నో ఏళ్లుగా నేను దాచుకున్న మాటలు ఉన్నాయి. దారిలో పోయిన నా కొడుకు ఉన్నాడు. ఆయన నోరు తెరిచి, "తల్లీ, తప్పు మాది..." అన్నాడు.

"తప్పు అనేది వద్దు మామా" అన్నాను. "జన్యువు తప్పు కాదు. నీ కొడుకుది సగం, నాది సగం. మీరు చేసింది వేరే. బిడ్డ నోటికాడి మాత్ర దాచింది తప్పు. నన్ను ఇంట్లోంచి పంపాలనుకున్నది తప్పు. దానికి చెప్పు."

మామ భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అది తప్పే" అన్నాడు చివరికి. "చేసింది తప్పే తల్లీ."

మేడం మా పాపను పిలిచి, "మీ తాతకు నేర్పించు" అన్నారు.

పాప మాత్రను పొడి చేసి, చెంచాలో పాల చుక్కలో కలిపి, తాత చేతికిచ్చింది. బిడ్డ నోట్లో పెడితే, బిడ్డ మొహం చిట్లించి సగం బయటికి ఉమ్మేసింది. మామ భయంగా పాప వైపు చూశాడు.

"మళ్లా పెట్టు తాతా" అంది పాప, చెవి మిషన్ సర్దుకుంటూ. "ఉమ్మేసింది పోనీ. మింగేదాకా పెట్టల్ల."

ఆయన చెంచా అంచుతో గడ్డం మీద కారిన పాలు ఎత్తి మళ్లీ పెట్టాడు. ఈసారి బిడ్డ మింగింది.